రోజూ ఇంట్లో స్మూతీ చేస్తున్నాను, మామయ్యగారి షుగర్ పెరిగింది, బాబు తాగడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బడిటీచర్, అల్వాల్

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా ఇంట్లో నలుగురం. నేను, మావారు, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే బాబు, 69 ఏళ్ళ మామయ్యగారు. పొద్దున ఆరున్నరకే బాబు కాలేజీ బస్సు వచ్చేస్తుంది. ఏడుంపావుకి నేను బడికి బయల్దేరాలి. ఇడ్లీ పిండి ఉన్న రోజు పర్వాలేదు, లేని రోజు వాడు ఖాళీ కడుపుతోనే వెళ్ళిపోయేవాడు. అది చూడలేక జూన్‌లో స్మూతీ మొదలుపెట్టాను.

నేను చేసేది ఇది. రెండు అరటిపండ్లు, ఒక యాపిల్, గుప్పెడు దానిమ్మ గింజలు, ఐదారు ఖర్జూరాలు, రెండు చిన్న చెంచాల తేనె, ఒకటిన్నర గ్లాసుల పాలు. చక్కెర అసలు వేయను. మూడు గ్లాసులు వస్తుంది. బాబుకి ఒకటి, మామయ్యగారికి ఒకటి, నాకొకటి.

మొదటి వారం బాగానే తాగాడు. తర్వాత నుంచి సగం గ్లాసు అలాగే వదిలేస్తున్నాడు. "పిండి పిండిగా ఉంది, అల్లం వాసన వస్తోంది" అంటాడు. వాడు వదిలేసింది పారబోయడం ఎందుకని మామయ్యగారే తాగేస్తారు. నాకేమో పదిన్నర కాకముందే, మూడో పీరియడ్‌లోనే ఆకలి దంచేస్తోంది. కడుపు నిండా తాగి వెళ్ళినా ఎందుకు ఆగడం లేదో తెలియడం లేదు.

పోయిన వారం మామయ్యగారికి రక్తపరీక్ష చేయించాం. షుగర్ మూడు నెలల సగటు (HbA1c) ఏప్రిల్‌లో 6.8 ఉండేది, ఇప్పుడు 7.6. మాత్రలు మానలేదు, స్వీట్లు ముట్టుకోరు. "తిండిలో ఏమైనా మార్చారా?" అని డాక్టర్ గారు అడిగితే ఏమీ లేదని చెప్పాను. ఇంటికొచ్చాక రాత్రంతా అదే ఆలోచన. మార్చింది ఒకటే, స్మూతీ. మంచి చేస్తున్నాననుకుని ఆయనకు నా చేత్తో నేనే చెడు చేశానా అని టెన్షన్‌గా ఉంది.

ఇంకో రెండు సంగతులు. మాది 500 వాట్ల మామూలు మిక్సీ. ఫ్రీజర్‌లో పెట్టిన అరటిపండు వేస్తే గుర్రుమని ఆగిపోయింది. మామయ్యగారి అక్కగారు వచ్చినప్పుడేమో పాలల్లో పండ్లు కలపకూడదని గట్టిగా అన్నారు. పూర్తిగా మానెయ్యాలా, మార్చి చేసుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కూకట్‌పల్లి నుంచి

అక్కా, అల్లం వాసన ఒక్కదానికి నా దగ్గర జవాబుంది. జార్ ఎంత తోమినా పోదు, ఎందుకంటే వాసన ఉండేది జార్‌లో కాదు, మూత లోపల ఉండే రబ్బరు రింగులో. దాన్ని చెంచా కాడతో పైకి లేపి తీసి, వేడినీళ్ళలో వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టండి. అప్పటికీ పోకపోతే కొత్త రింగు కొనుక్కోవడమే. మిక్సీ రిపేర్ షాపులో ఏ కంపెనీదైనా దొరుకుతుంది. మేమైతే పండ్లకి ఒక జార్ విడిగా పెట్టేశాం, అందులో అల్లం వెల్లుల్లి వేయనివ్వను.

పాత జ్యూస్ బండి

మేడమ్, 2009 నుంచి 2020 దాకా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో జ్యూస్ సెంటర్ నడిపాను. మాది నల్లగొండ వైపు, ఇంట్లో బత్తాయి తోట ఉండేది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి గడ్డిఅన్నారం మార్కెట్‌కి పోయి పండ్లు తెచ్చుకునేవాణ్ణి. అప్పటికి మార్కెట్ ఇంకా బాటసింగారం వెళ్ళలేదు. పదకొండేళ్ళలో ఎన్ని వేల గ్లాసులు కొట్టి ఉంటానో లెక్క లేదు. మీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు తీపి సంగతి. నాలుక చల్లబడితే తీపి సరిగ్గా తెలియదు. మా దుకాణాలన్నీ నడిచేది దీని మీదే. ఒకసారి ఇంట్లో చేసి చూడండి. ఒక అరటిపండు పాలల్లో కొట్టి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకటి బయట ఉంచండి, ఇంకోటి ఫ్రీజర్‌లో అరగంట పెట్టండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగండి. ఒకే పండు, ఒకే పాలు, కానీ చల్లటిది చప్పగా అనిపిస్తుంది. దుకాణంలో జనం పళ్ళు జివ్వుమనేంత చల్లగా అడుగుతారు. అంత చల్లదనంలో తీపి తెలియాలంటే చక్కెర గట్టిగా పడాల్సిందే. అందుకే మేం చక్కెర పాకం ముందే కాచి డబ్బాలో పెట్టుకునేవాళ్ళం. బత్తాయికి అదే, సపోటాకీ అదే. మిల్క్‌షేక్ చిక్కగా ఉండడానికి పాల ప్యాకెట్లను రాయిలా గడ్డకట్టించి, బండకేసి కొట్టి, ఆ ముక్కల్నే జార్‌లో వేస్తాం. ఐస్ వేస్తే కరిగి పల్చబడుతుంది, పాలముక్క అయితే పల్చబడదు.

మీరు ఇంట్లో ఇదంతా చేయక్కర్లేదు. ఫ్రిజ్ చల్లదనం దాకా ఆగితే చాలు, తేనె అక్కర్లేదు, ఖర్జూరం అక్కర్లేదు. చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు పడితే పండు తీపి పైకి తేలుతుంది. బాగా పండి తొక్క మీద నల్ల మచ్చలు వచ్చిన అరటిపండు అయితే బాబుకి ఇంకేమీ కలపక్కర్లేదు, అందులో పిండి అంతా తీపిగా మారిపోయి ఉంటుంది. అదే కారణంగా ఆ పండు మీ మామయ్యగారికి వద్దు.

పిండి పిండిగా ఉందని బాబు అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. తప్పు యాపిల్‌ది. మనకొచ్చే యాపిల్ చాలావరకు గోదాముల్లో నెలలపాటు ఉండి వస్తుంది. కరకరలాడే గుణం పోయి లోపల రవ్వగా అయిపోతుంది. దాన్ని పాలల్లో కొడితే రవ్వ రవ్వగానే ఉంటుంది. నేను యాపిల్ షేక్ అడిగినవాళ్ళకి తొక్క తీసి, కొంచెం మెత్తబడేలా ఉడికించి చల్లార్చినవి వేసేవాణ్ణి. మీకు పొద్దున అంత టైం ఎక్కడిది? యాపిల్‌ని కోసుకుని తినేయండి, మిక్సీలో వద్దు. దానిమ్మ కూడా అంతే. గింజ లోపలి పొట్టు నలిగితే వగరొస్తుంది.

మిక్సీ గురించి. 500 వాట్లు చాలు, వేసే వరుసే ముఖ్యం. అడుగున పాలో పెరుగో ముందు పోయాలి. దాని మీద మెత్తటి పండు. గడ్డకట్టిన ముక్కలు అన్నిటికంటే పైన. ముక్కలు బయట పెట్టి ఐదు నిమిషాలు ఆగాక వేయండి. చాలామంది పండు ముందు వేసి పాలు పైన పోస్తారు, అప్పుడు బ్లేడు ముక్కల మధ్య ఇరుక్కుపోతుంది. జార్ మూడింట రెండొంతులకు మించి నింపొద్దు. నాబ్‌ను ఎడమ పక్కకు తిప్పి పట్టుకుని వదులుతూ, పట్టుకుని వదులుతూ నాలుగైదు సార్లు తిప్పాక అప్పుడు ఒకటో నంబర్ మీద పెట్టండి. మీ మిక్సీ ఆగిపోయిందన్నారు కదా, పాడవలేదు. ప్లగ్గు తీసి, జార్ తీసేసి, మిక్సీని పక్కకు వంచి అడుగున చూడండి, చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. మోటార్ మీద భారం పడితే అది బయటికి పొడుచుకొస్తుంది. పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి నొక్కితే మళ్ళీ తిరుగుతుంది.

ఇక నా సొంత మాట ఒకటి. దుకాణం పెట్టినన్నాళ్ళూ నాకు బాగా ఇష్టమైనది, అమ్ముడుపోనిది జామ స్మూతీ. అందరికీ మామిడి కావాలి, సపోటా కావాలి. జామ ఎవరూ అడగరు. గేటు దగ్గర బండి మీద కారం ఉప్పు చల్లుకుని తింటారు కానీ గ్లాసులో ఊహించుకోలేరు. చేసే పద్ధతి చెప్తాను. దోరగా కాదు, వాసన కొట్టేంత పండిన జామపండు ఒకటి ముక్కలు కోయండి. అర గ్లాసు పెరుగు, పావు గ్లాసు నీళ్ళు, నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు నల్లుప్పు, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు. ఆపి ఆపి ఐదారు తిప్పులు మాత్రమే తిప్పాలి. ఎక్కువ తిప్పితే గింజ పగిలి గరగర వస్తుంది. టీ జాలీలో కాదు, కొంచెం పెద్ద రంధ్రాల జల్లెడలో చెంచాతో రుద్దుతూ వడకట్టండి. గింజ ఒక్కటే పోతుంది, గుజ్జంతా కిందికి దిగుతుంది. పుల్లగా, ఉప్పగా, వెనకనుంచి తీపిగా ఉంటుంది. మా అమ్మ చనిపోయే ముందు నెలంతా అన్నం సహించక ఇదే తాగింది. ఎర్ర జామ దొరికితే రంగు కూడా బావుంటుంది.

మామయ్యగారి సంగతి నాకు తెలియని విషయం. దాని గురించి చదువుకున్నవాళ్ళు చెప్తారు.

బడిటీచర్, అల్వాల్

అన్నా, రెండుసార్లు చదివాను. ఎర్ర బటన్ ఉంది! నొక్కితే తిరిగింది. నేను రేపు రిపేర్‌కి ఇద్దామని సంచిలో పెట్టేశాను. మీ అమ్మగారి మాట చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ రోజు నుంచి మామయ్యగారికి స్మూతీ ఆపేశాను. ఆయన మాత్రం "నా గ్లాసేదమ్మా" అని అడుగుతున్నారు. అలవాటు పడిపోయారు. ఎవరైనా వివరంగా చెప్పగలరా?

డైటీషియన్, తార్నాక వైపు

అమ్మా, నేను ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తాను. మీరు రాసిన కొలతలు కాగితం మీద వేసి చూశాను. రెండు అరటిపండ్లలో దాదాపు 25 గ్రాముల చక్కెర. యాపిల్‌లో 15. దానిమ్మలో 10 పైన. ఖర్జూరాల్లో 25 దాకా. తేనెలో 11. పాలల్లో సహజంగా ఉండేది ఇంకో 14. అన్నీ కలిపితే జార్‌లో వంద గ్రాములు. మూడు గ్లాసులకు పంచితే గ్లాసుకి 33. మీ మామయ్యగారు తన గ్లాసుతో పాటు బాబు వదిలేసిన సగం కూడా తాగుతున్నారు కదా, అంటే ఆయనకు రోజూ పొద్దున్నే 50 గ్రాములు, పది చెంచాలకు పైనే. పక్కన టిఫిన్ ఉంటే అది వేరే.

ఇందులో ఎక్కువ భాగం పండులోదీ పాలలోదీ. చాక్లెట్‌లో చక్కెరా ఇదీ ఒకటే అని నేను అనను. మిక్సీలో తిప్పినంత మాత్రాన పీచు మాయమైపోదు, వడకట్టి పిప్పి పారేస్తేనే పోతుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఇన్ని పండ్లు కోసి పళ్ళెంలో పెడితే ఆయన సగం కూడా తినలేరు. నమిలేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది, కడుపు నిండిందని తెలుస్తుంది. గ్లాసులో పోస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. మా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే సమతులాహారంలో పండ్లు రోజుకు వంద గ్రాములు. అంటే ఒక మధ్యస్థం జామపండు అనుకోండి. కూరగాయలే దానికి మూడు నాలుగు రెట్లు ఉండాలి. మీరేమో ఒక్క పూటలోనే ఆయనకు దాని రెట్టింపు పైన ఇచ్చేస్తున్నారు.

తేనె, ఖర్జూరం చక్కెర కాదని చాలామంది నమ్ముతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో తేనెను చక్కెర లెక్కలోనే వేసింది, పండ్ల రసాన్ని కూడా. బెల్లం వేసినా షుగర్ చూసే మీటర్‌కి తేడా తెలియదు.

ఆయనకు నేను చెప్పేది ఇలా. పండు కోసి ముక్కలుగా ఇవ్వండి, నమిలి తిననివ్వండి. జామ, బొప్పాయి, బత్తాయి తొనలు, ఏదైనా ఒకటే, వంద గ్రాములు. టిఫిన్ తర్వాత వెంటనే కాకుండా పదకొండింటికి ఇస్తే మంచిది. గ్లాసు కావాలని మనసు పడితే, పైన అన్నగారు చెప్పిన జామ పెరుగు స్మూతీ అర గ్లాసు ఇవ్వండి, తేనె లేకుండా. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకు చూసి ఒక చిన్న పుస్తకంలో రాయండి. పది రోజులకు ఏ పండు ఆయనకు పడుతుందో ఆ పుస్తకమే చెప్తుంది. డాక్టర్ గారికి కూడా ఈసారి స్మూతీ సంగతి తప్పకుండా చెప్పండి, లేకపోతే మాత్ర డోసు అనవసరంగా పెంచవచ్చు. కిడ్నీ ఇబ్బంది ఏమైనా ఉంటే అరటి, బత్తాయి లాంటివి పొటాషియం వల్ల డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వొద్దు.

మీకు మూడో పీరియడ్‌లో ఆకలి ఎందుకు వేస్తోందో కూడా కొలతల్లోనే ఉంది. మీ గ్లాసులో ఉన్న పాలు వంద మిల్లీలీటర్లే, ప్రొటీన్ నాలుగైదు గ్రాములు దాటదు. బాబుకీ మీకూ ఇది చేసి చూడండి. రెండు పెద్ద చెంచాల పల్లీలు రాత్రి నానబెట్టండి. పొద్దున నీళ్ళు పారబోసి, ఒక్కొక్కరికి ఒక అరటిపండు, ఒక గ్లాసు పాలు చొప్పున వేసి కొట్టండి. పల్లీలు కూడా ఒక్కొక్కరికి రెండు చెంచాల చొప్పునే. పన్నెండు గ్రాముల పైన ప్రొటీన్ వస్తుంది, అంటే రెండు గుడ్లంత. పల్లీలు పడనివాళ్ళకి మాత్రం వద్దు.

మీ చేత్తో చెడు చేశారని అనుకోకండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇదే పొరపాటు చేసేవాళ్ళు చాలామంది, అందరూ ప్రేమతోనే చేస్తారు.

వనస్థలిపురం పిన్ని

అమ్మాయ్, పాలూ పండ్లూ కలపకూడదన్న మీ పెద్దావిడ మాట తీసిపారేయకు. ఆయుర్వేదంలో విరుద్ధాహారం అని చెప్పినదే ఆమె అన్నారు. నా అనుభవంలో పుల్లటి పండు పాలల్లో వేస్తే విరుగుతుంది, పుల్లటి పండుకి పెరుగు, తియ్యటి పండుకి పాలు అని నేను పెట్టుకున్నాను. ఆమెకి అరటీ పాలూ కూడా వద్దంటే ఆమె గ్లాసు పెరుగుతో చెయ్యి, మాట నిలబెట్టినట్టూ ఉంటుంది.

బొప్పాయి మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. పాలల్లో బొప్పాయి కొడితే అప్పటికప్పుడు తాగేయాలి. నేను ఒకసారి మనవరాలికి రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే గడ్డలా పేరుకుని ఉంది, నోట్లో పెడితే చేదు విషం. పాపం పిల్ల ఉమ్మేసింది. పాలు పాడయ్యాయనుకుని పాలవాడితో గొడవ పెట్టుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, బొప్పాయిలో పాల ప్రొటీన్‌ని విరగ్గొట్టే గుణం ఉందట. మాంసం మెత్తబడడానికి పచ్చి బొప్పాయి రాసేది అందుకే కదా. పైనాపిల్, కివీ కూడా ఇదే తంతు.

ఇప్పుడు సీతాఫలాల కాలం, మహబూబ్‌నగర్ వైపు నుంచి బుట్టలు బుట్టలు దిగుతున్నాయి. వాటితో చేస్తే యాపిల్ గీపిల్ ఏమీ అక్కర్లేదు, వెన్నలా ఉంటుంది. కానీ ఒక్క గింజ కూడా మిక్సీలో పడకూడదు, మళ్ళీ చెప్తున్నా, ఒక్కటి కూడా. ఆ గింజలో విషం ఉంటుంది. మింగేస్తే నలక్కుండా బయటికి పోతుంది, నలిగితేనే ప్రమాదం. పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. గుజ్జును జల్లెడలో చేత్తో రుద్ది, గింజలు లెక్కపెట్టినట్టు తీసేశాకే జార్‌లో వెయ్యి. పాలు చల్లటివే పొయ్యి, వేడి తగిలితే సీతాఫలం చేదెక్కుతుంది. మీ మామయ్యకి ఈ పండు వద్దులే, చాలా తీపి.

బడిటీచర్, అల్వాల్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, బడిలో పరీక్షలు నడిచాయి.

రబ్బరు రింగు మార్చాం, నలభై రూపాయలు. అల్లం వాసన పోయింది. బాబుకి నానబెట్టిన పల్లీలు, అరటిపండు, పాలు. మొదటి రోజు అనుమానంగా చూశాడు, రెండో రోజు నుంచి అడుగుదాకా తాగుతున్నాడు. మధ్యలో ఒక రోజు పల్లీలు నానబెట్టడం మరిచిపోతే "ఈ రోజు వేరేలా ఉందేంటి" అని వాడే కనిపెట్టాడు. నేనూ అదే తాగి వెళ్తున్నాను. పన్నెండున్నర లంచ్ బెల్ దాకా ఆకలి గుర్తు రావడం లేదు.

మామయ్యగారికి పుస్తకం పెట్టాం. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, స్కేలుతో గీతలు గీసి, తేదీ, పండు, బరువు, రెండు గంటల తర్వాత అంకె అని నాలుగు గడులు వేసుకున్నారు. వంటింటి త్రాసు ఇప్పుడు ఆయన దగ్గరే ఉంటుంది. పాత స్మూతీ తాగిన చివరి రోజు పొద్దున 231 ఉంది. ఇప్పుడు టిఫిన్ తర్వాత 160, 170 మధ్య వస్తోంది. జామ ముక్కలు తిన్న రోజు తక్కువ, సపోటా తిన్న ఒక్క రోజు 198. సపోటా పక్కన ఆయనే ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టారు. డాక్టర్ గారికి స్మూతీ సంగతంతా చెప్పాం. మాత్ర పెంచకుండా డిసెంబర్‌లో మళ్ళీ పరీక్ష చేద్దామన్నారు.

జ్యూస్ బండి అన్నా, ఆదివారం అల్వాల్ రైతు బజార్‌లో ఎర్ర జామ దొరికింది. మీరు చెప్పినట్టే చేశాను, పుదీనా మా కుండీలోదే. మామయ్యగారు అర గ్లాసు తాగి, గ్లాసు ఎత్తి పట్టుకుని రంగు చూసి, "ఇది ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. మీ అమ్మగారి పేరు తెలియదు కాబట్టి నల్లగొండ అమ్మగారిది అని చెప్పాను.

పిన్నిగారూ, ఒక్క సందేహం. సీతాఫలం గుజ్జు ఫ్రీజర్‌లో పెడితే రెండో రోజుకే గోధుమ రంగులోకి మారిపోతోంది. ఏం చేయాలి?

వనస్థలిపురం పిన్ని

గింజలు తీసిన వెంటనే నిమ్మరసం నాలుగు చుక్కలు కలుపు. డబ్బా అంచుదాకా నింపు, పైన గాలి ఉండకూడదు. ఒక పూటకు సరిపడా చిన్న చిన్న డబ్బాల్లో పెట్టుకో, ఒకసారి కరిగింది మళ్ళీ గడ్డ కట్టించకు.